కణుజు సైకిలు

మార్కాపురంలో నన్ను సైకిల్ శెట్టి అంటారు. దుకాణానికి తాళం పడి చాలా కాలమైంది, ఆ పేరుకు మాత్రం ఇంకా తాళం పడలేదు. పాత సైకిళ్ళు కొనడం, విప్పడం, మళ్ళీ నిలబెట్టడం, మనసుపడ్డ వాడికి అమ్మడం, ఇదే నా వృత్తి. ఇప్పుడు తెల్లవారుజామున చెవుల్లో ఎక్కడో ఫ్రీవీలు తిరుగుతున్న చప్పుడుతో మెలకువ వస్తుంది. ఎవరో పెడలు తొక్కడం ఆపి, వాలులో బండిని దాని ఇష్టానికి వదిలేసినట్టు, టిక్ టిక్ మంటూ ఆ చప్పుడు మెల్లగా దూరమవుతుంది. కళ్ళు తెరిస్తే పైన ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. రెండింటిలో ఏది నిజమో తేల్చుకోకుండా కాసేపు అలాగే పడుకుంటాను. పని మానేసిన మనిషికి ఆ మాత్రం హక్కు ఉంది.

ఈ మధ్య ఒంగోలు నుంచి, కర్నూలు నుంచి, హైదరాబాదు నుంచి కుర్రవాళ్ళు వస్తున్నారు. పాత రేసు సైకిళ్ళు వెతికి, బాగుచేసి అమ్మే పని మొదలుపెట్టారట. చేత్తో చేసిన బండిని ఎలా గుర్తుపట్టాలి తాతా అని అడుగుతారు. అడుగుతూనే ఫోన్లో ఫొటో చూపించి ఒక్క మాటలో చెప్పమంటారు. పెళ్ళిచూపులకు పోకుండా ఫొటో చూసి తాళి కట్టే రకం. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. ఎన్ని బండ్లు అమ్మానో, ఎంత సంపాదించానో ఇందులో ఉండదు. అవి నాకూ గుర్తులేవు. ఒక గురువు గుర్తున్నాడు, ఒక బండి గుర్తుంది.

ఖాసింసాయిబు పలక

మా నాయనది పప్పులు, బెల్లం అమ్మే దుకాణం. నన్ను గల్లాపెట్టె దగ్గర కూర్చోబెడితే నేను ఎదురుగా ఉన్న ఖాసింసాయిబు సైకిల్ షాపు వైపు చూస్తూ ఉండేవాణ్ణి. ఆయన చక్రాన్ని స్టాండుకు ఎక్కించి, తిప్పుతూ చువ్వలు బిగించేవాడు. చక్రం వేగం అందుకునేసరికి చువ్వలన్నీ కరిగిపోయి మధ్యలో ఒట్టి వెలుతురు మిగిలేది. ఆ వెలుతురు చూస్తూ కందిపప్పు అడిగిన వాళ్ళకు శనగపప్పు కట్టి ఇచ్చేవాణ్ణి.

"వీడు దుకాణంలో కూసున్నాడు గానీ దుకాణం వీనిలో కూసోలా" అని నాయన ఒకరోజు అమ్మతో అన్నాడు. ఆ సాయంత్రమే నన్ను రోడ్డు దాటించి సాయిబుకు అప్పగించాడు.

"పప్పులన్నీ కలిపేస్తాండాడు సాయిబూ. బోల్టులన్నా కలపకుండా చూసుకో" అన్నాడు.

దుకాణం ఉన్న ఇంట్లో పుట్టి చేతులకు గ్రీజు పూసుకోవడమేమిటని మా బంధువులు చాలా ఏళ్ళు నవ్వారు. నాయన మాత్రం నవ్వలేదు. ఆయన మీద నాకున్న గౌరవంలో సగం ఆ నవ్వకపోవడానికే.

ఖాసింసాయిబుకు కోపం ముక్కు మీదే ఉండేది. పానా తప్పు సైజుది అందిస్తే దాన్ని రోడ్డు మీదికి విసిరేసి, తెచ్చుకోమనేవాడు. కానీ పాత బండి ఏదైనా చేతికొస్తే మనిషి మారిపోయేవాడు. దాన్ని గోడకు ఆనించి, ఎదురుగా బల్ల మీద కూర్చుని, చాయ్ చల్లారేదాకా ఊరికే చూసేవాడు.

"రంగు చూసి కొనేటోడు రంగే ఇంటికి తీసకపోతాడురా శెట్టీ. అతుకు చూడు" అనేవాడు.

మా వైపు దసరాకు సైకిలుకు పసుపు కుంకుమ పెట్టడంతో ఊరుకోరు. చాలామంది కొత్త రంగు కూడా కొట్టిస్తారు. అందువల్ల పాత బండి ఒంటి మీద ఎన్నో పొరలుంటాయి. వాటిని తీయడానికి సాయిబు పనిముట్టు పలక. మార్కాపురంలో పలకకు కరువా! పలకల ఫ్యాక్టరీల బయట విరిగిన ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. గరుకు కాగితం ఉక్కును కూడా కొరుకుతుంది. పలక ముక్క అలా కాదు, రంగును మాత్రం తీసి, ఉక్కు తగిలేసరికి జారిపోతుంది. నీళ్ళు చల్లుకుంటూ, పసిబిడ్డకు నలుగు పెట్టినట్టు నిదానంగా రుద్దాలి. ఎరుపు పోయి ఆకుపచ్చ, అది పోయి నీలం, ఒక్కో పొర కింద ఒక్కో దసరా బయటపడుతుంది. ఆ పని చేస్తున్నప్పుడు నాకు సగం నిద్రలో ఉన్నట్టుండేది, అయినా చేతులు మెలకువగా ఉండేవి.

ఉక్కు మీద అక్షరమేదైనా ఉందని అనుమానం వస్తే సాయిబు బలపం పొడి చేసి రుద్ది, అరచేత్తో తుడిచేవాడు. పైనున్న పొడి పోతుంది, గాడిలో దిగింది ఉండిపోతుంది. అప్పుడు చదువుకోవచ్చు. ఇంతకంటే మంచి పద్ధతి నాకు ఇప్పటికీ తెలియదు. జేబులో బలపం ముక్క లేకుండా నేను ఏ బండి దగ్గరికీ పోలేదు.

చేతి పని అంటే

ఫ్యాక్టరీ బండిని నేను తక్కువ చేయను. ఈ కరువు పల్లెల్లో పాలు, పలకలు, పెళ్ళాం, పిల్లలు అన్నిటినీ మోసింది అదే. చేత్తో చేసిన బండి వేరు. దాన్ని ఎవరో ఒకరు ఇంకెవరో ఒకరి కోసం చేసి ఉంటారు. గుర్తుపట్టడం అంటే ఆ ఇద్దరినీ గుర్తుపట్టడమే.

ముందు గోరుతో గొట్టాన్ని మీటి వినండి. పలుచటి గొట్టం మోగుతుంది, మందపుది దగ్గుతుంది. తర్వాత గొట్టాలు కలిసే చోట తొడిగిన తొడుగుల అంచులు చూడండి. మర చేసిన పనిలో కుడీ ఎడమా అచ్చుగుద్దినట్టు ఉంటాయి. ఆకురాయి పట్టిన మనిషి ఎంత జాగ్రత్తపడినా ఒకపక్క వెంట్రుకవాసి తేడా వస్తుంది. ఆ తేడా కనిపిస్తే నాకు మనిషి కనిపించినట్టే ఉంటుంది. ఆఖరికి కొలత చూడండి. చేతి బండి ఒకరి ఒంటికి కుట్టిన చొక్కా లాంటిది. ఎవరి ఒళ్ళు అది అని అడగండి.

స్టిక్కర్లను నమ్మకండి. ఒక పెద్దమనిషి కారు డిక్కీలో ఫ్రేము తెచ్చి, విదేశాల్లో చేయించింది, పేరు చూడు అన్నాడు. గోరుతో గీకితే పేరు ఊడి వచ్చింది. దాని కింద ఇంకో దేశం పేరు. అది కూడా తీస్తే ఒక సినిమా హీరో నవ్వుతూ కనిపించాడు. పెద్దమనిషికి నవ్వు రాలేదు, నాకు ఆగలేదు. ఆ గిరాకీ అంతటితో పోయింది.

చేసినవాడి పేరు ఉక్కు మీద దొరికితే ఇక పని అయిపోయిందని అందరం అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

గిద్దలూరు గురవమ్మ

ఒక మధ్యాహ్నం, ఎండకు రోడ్డంతా కళ్ళు మూసుకున్న వేళ, ఒకామె బస్సు దిగి నా దుకాణానికి వచ్చింది. గిద్దలూరులో ఆమెది స్టీలు సామాన్ల కొట్టు. పెళ్ళికి గిన్నెలు కొన్నవాళ్ళు ఆమె చేత పేర్లు కొట్టించుకోకుండా ఇంటికి పోరు. ఇప్పుడు అందరూ కరెంటు మిషనుతో గీకుతారు గానీ ఆమె మాత్రం సన్న ఉలి పెట్టి, సుత్తితో తడుతూ, చుక్క పక్కన చుక్కగా పేరు కొడుతుంది. పేరు గురవమ్మ.

"శెట్టన్నా, రేసు సైకిలు ఏమన్నా నీ చేతికొచ్చిందా? హ్యాండిలు కిందికి వంగి ఉంటాది" అంది.

"ఏ కంపెనీది చెల్లెమ్మా?"

"కంపెనీ గాదు. మా అన్న చేసినాడు."

కూర్చోమని నీళ్ళిచ్చాను. ఆమె చెప్పింది విన్నాక ఆ రోజు ఇంకో పని చేయలేకపోయాను.

వాళ్ళది కంచరి పని చేసే ఇల్లు. అన్న బ్రహ్మయ్య తాడిచెట్టంత మనిషి. చిల్లుపడ్డ బిందె, ఊడిన గంటె కాడ, ఏదొచ్చినా ఇత్తడితో అతికేవాడు. అతుకు చోట వెలిగారం పొడి చల్లి కొలిమిలో పెడితే, అది కరిగి దారి చూపిస్తుంది, ఇత్తడి నీళ్ళలా సందులోకి పారుతుంది. ఘాటు రోడ్డు పనికి బయటి దేశం నుంచి ఒక ఇంజనీరు వచ్చి ఉన్న రోజులవి. ఆయన తనకోసం చేత్తో చేయించుకున్న రేసు సైకిలు తెచ్చుకున్నాడు. ఒకసారి దాని అతుకు విడిపోతే బ్రహ్మయ్యే అతికి ఇచ్చాడు. ఇచ్చేలోపు దాన్ని పాకలో పెట్టుకొని తిప్పి తిప్పి చూశాడట.

అంతకు ముందే బ్రహ్మయ్య చెల్లెలికి సైకిలు నేర్పాడు. పొద్దున్నే అద్దె సైకిలు తెచ్చి, నంద్యాల రోడ్డు మీద పరికిణీ దోపుకున్న గురవమ్మను ఎక్కించి, సీటు పట్టుకొని వెనక పరుగెత్తేవాడు. ఆమె "వదలొద్దన్నా, వదలొద్దన్నా" అని అరుస్తూనే ఉండేది. ఒకరోజు వెనక్కి తిరిగి చూస్తే ఆయన ఎక్కడో దూరంగా నిలబడి చేతులు కట్టుకొని నవ్వుతున్నాడట. అది చెబుతున్నప్పుడు గురవమ్మ ముఖంలో చిన్నపిల్ల ఒకసారి వచ్చి పోయింది.

ఇంజనీరు పని ముగించుకొని వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు బ్రహ్మయ్య పాకలో వంగిన హ్యాండిలుతో తేలికపాటి బండి ఒకటి కనిపించింది. ఊరికి అంతకంటే ఏం కావాలి? దొర సైకిలు కొట్టేశాడన్నారు. పెద్దలు పిలిపించారు. నేనే చేసినానని ఆయనంటే, అయితే ఎక్కి చూపించమన్నారు. ఎక్కితే మోకాళ్ళు హ్యాండిలుకు కొట్టుకున్నాయి.

"నీ కొలతే గాదే ఇది! నువ్వే చేసుకోనుంటే నీ కొలతకు చేసుకోవా? ఎవరిదిరా బండి?" అని అడిగారు.

దానికి బ్రహ్మయ్య జవాబు చెప్పలేదు. తల వంచుకొని నిలబడ్డాడు. దొంగ కాకపోతే చెప్పడానికేం అన్నారు. ఆయన ఆ వారంలోనే రైలెక్కి పోయాడు. మళ్ళీ గిద్దలూరు రాలేదు. ఎక్కడో పని చేసుకుంటూ జబ్బుపడి పోయాడని తర్వాత కబురు తెలిసింది. ఇంట్లో ఆ బండిని చూడలేక వాళ్ళ నాయన కంభం సంతలో అమ్మేశాడు.

"నాకు సైకిలు వద్దు శెట్టన్నా" అంది గురవమ్మ. "అది మా అన్న చేసిందో, దొర దగ్గర తెచ్చిందో చూసి చెప్పు, అంతే. ఊరు అనే మాటకు నేను ఎప్పుడో అలవాటు పడినా. ఒక్కోసారి నాకే అనుమానం వస్తాది, ఎందుకు నోరు మెదపలా అని. సొంత అన్న మీద అనుమానం పెట్టుకోని బతకడం శానా కష్టం."

అడిగే మాట

అప్పటి నుంచి ఎక్కడికి పోయినా అడిగాను. కంభంలో, యర్రగొండపాలెంలో, గిద్దలూరు చుట్టుపక్కల పల్లెల్లో, పంక్చరు వేసే ప్రతి బంకులో రేసు సైకిలుందా అని అడిగాను. లేదన్నారు. ఏళ్ళు గడిచాయి. కొన్నిసార్లు ఆ బండి నా కలలోకి వచ్చేది. చెరువు కట్ట మీద మంచులో ఎవరూ తొక్కకుండానే పోతుండేది. దాన్ని చూసినట్టే నాకు తెలుసు, అయినా నేనెప్పుడూ చూసింది లేదు.

దుకాణం మూయడానికి కొద్ది కాలం ముందు దోర్నాల కూడలిలో ఒక హోటల్లో టీ తాగుతున్నాను. శ్రీశైలం పోయే జనంతో హోటలంతా గోలగా ఉంది. హోటలాయన వంటమనిషిని కేకేసి, "తేనె అయిపోయె. ఈ పొద్దు కణుజు ఇంకా దిగలేదేందిరా?" అన్నాడు.

కణుజంటే నల్లమలలో తిరిగే పెద్ద దుప్పి, కొమ్ముల జింక. వేట మాంసం అనుకొని నేను కంగారుపడి ఆయన దగ్గరికి పోయి, "మెల్లగా అను నాయనా, చెక్‌పోస్టు వాళ్ళు వింటారు" అన్నాను.

ఆయన విరగబడి నవ్వాడు. "జంతువు గాదు శెట్టీ, సైకిలు! అంకన్న సైకిలు. కొమ్ములు ఇట్ల పైకి లేచి ఉంటాయి" అని తలకు రెండు పక్కలా చేతులు పెట్టి చూపించాడు.

టీ అక్కడే వదిలేశాను. వంగిన హ్యాండిలుతో మూట మోసేవాడికి నడుము నొప్పి తప్ప ఏమొస్తుంది? అందుకే మా వైపు దాన్ని విప్పి తిరగేసి బిగించుకుంటారు. కిందికి ఉండాల్సిన కొమ్ములు పైకి వస్తాయి. నేను అన్నేళ్ళూ రేసు సైకిలు అని అడిగాను. రేసు అన్న మాట దాన్ని తొక్కేవాళ్ళ నోట ఎన్నడూ లేదు. కుర్రవాళ్ళూ, ఈ ఒక్కటి మాత్రం రాసిపెట్టుకోండి. వస్తువుకు మీరు పెట్టుకున్న పేరుతో వెతకకండి, దానితో బతుకుతున్నవాడు ఏమని పిలుస్తాడో కనుక్కోండి.

మూడు గొట్టాలు, మూడు పాటలు

అంకన్నది దోర్నాల దాటాక అడవి అంచున ఉన్న చెంచు గూడెం. పొట్టి మనిషి, గట్టి పిక్కలు, మాటకు ముందు నవ్వు. తేనె, కుంకుడుకాయలు, చింతపండు ఆ బండి మీదే కిందికి తెస్తాడు. దాన్ని వాళ్ళ నాయన ఒక పాలవాడి దగ్గర కొన్నాడట.

"ఇది ఎక్కితే ఒంట్లో బరువు తెలవదు మామా. పొద్దున వాలు దిగేటప్పుడు నేను తొక్కతాండానో, నిద్రపోతాండానో నాకే తెలవదు" అన్నాడు. ఆ ఒక్క మాటతో అతను నాకు సొంతవాడైపోయాడు.

బండి వేపచెట్టుకు ఆనించి ఉంది. ఖాసింసాయిబు కూర్చున్నట్టే ఎదురుగా కూర్చొని చాలాసేపు చూశాను. వెనక చక్రం వేరే బండిది, క్యారియర్ ఇనుప కడ్డీలతో కట్టింది, రంగు పొరలు పొరలుగా ఉబ్బి ఉంది. అయినా ఆ ఒంపుల్లో ఎవరిదో ఓపిక ఉంది. తొడుగుల అంచులు చూశాను. చెంబు మూతి అంచును మలిచినట్టు గుండ్రంగా మలిచి ఉన్నాయి. కుడి ఎడమల మధ్య వెంట్రుకవాసి తేడా ఉంది. చేతి పని అనడంలో సందేహం లేదు. కానీ ఇంజనీరు బండి కూడా చేతి పనే కదా. ఇక్కడ తేల్చాల్సింది ఎవరి చెయ్యి అన్నది.

గోరుతో మీటాను. ఒక గొట్టం సన్నగా మోగింది, రెండోది బొంగురుగా, మూడోది ఇంకో రకంగా. డబ్బు పెట్టి చేయించుకున్న బండిలో గొట్టాలన్నీ ఒక జాతివే ఉంటాయి. ఇవి వేరువేరు పాత బండ్ల నుంచి ఏరి తెచ్చినట్టున్నాయి. ఇది బ్రహ్మయ్య పనే అనుకున్నాను. అంతలోనే ఇంకో బుద్ధి, ప్రమాదం జరిగితే గొట్టాలు మార్చి ఉండవచ్చు కదా అంది. అతుకులో ఇత్తడి పసుపు కనిపించింది, అయితే బయటి దేశాల్లోనూ ఇత్తడి వాడతారు.

నన్ను బాగా తికమక పెట్టింది పై గొట్టం. ఆ కాలపు రేసు బండికి అది నేలకు సమంగా, పలక అంచులా తిన్నగా ఉండాలి. ఇది సీటు వైపు బాగా వాలి ఉంది. ముందు ఫోర్కు మార్చి పొడుగుది వేశారేమో అనుకున్నాను. అలాగైతే పెడళ్ళ ఇరుసు కూడా పైకి లేచి ఉండాలి, లేవలేదు. గొట్టం వంగిందేమో అంటే ఎక్కడా ముడత లేదు. కావాలనే అలా కట్టారు. పైగా బండి చిన్నది. తాడిచెట్టంత బ్రహ్మయ్య తనకోసం ఇంత చిన్న బండి ఎందుకు కట్టుకుంటాడు? పెద్దలు అడిగిన ప్రశ్నే నా ముందుకూ వచ్చి నిలబడింది.

గురవమ్మకు ఫోన్ చేయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. తేలకపోతే ఆమెకు ఉన్న అనుమానం అలాగే ఉంటుంది, దొంగ అని తేలితే అనుమానం కూడా మిగలదు. చివరికి చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"నువ్వు రుద్ది చూడాలంటే నేనొచ్చినాకనే చూడు" అంది. "దొంగయితే దొంగ అనే చెప్పు శెట్టన్నా. ఇన్నేండ్లు తెలవక ఏడ్చినా, తెలిసి ఏడుస్తా."

బలపం పొడి

మర్నాడు పొద్దున ఆమె వచ్చింది. బండికి కొంచెం దూరంలో ఆగిపోయింది. దగ్గరికి రమ్మంటే, నువ్వు కానియ్యి అంది. అంకన్న బండిని తలకిందులు చేసి పట్టుకున్నాడు. పెడళ్ళ ఇరుసు ఉండే గొట్టం అడుగున పేరు ఉంటుందని నా అనుభవం. చక్రాలు చిమ్మిన మట్టి తప్ప ఆ చోటును ఎవరూ చూడరు. నీళ్ళు చల్లి పలక ముక్కతో మొదలుపెట్టాను.

నలుపు పోయింది. ఎరుపు, దాని కింద ఆకుపచ్చ. వేపచెట్టు మీద ఏదో పిట్ట ఒకే కూత పదే పదే కూస్తోంది. పలక గరగరమంటోంది. ఉక్కు తేలింది, నున్నగా, ఖాళీగా. నా చెయ్యి ఆగబోయింది. అప్పుడు వేలికి గరుకుగా ఏదో తగిలింది. చుక్క, పక్కన ఇంకో చుక్క.

బలపం నూరి రుద్దాను. అరచేత్తో తుడిచాను. నల్లటి ఉక్కు మీద తెల్లటి చుక్కలు వరసగా లేచి వచ్చాయి. గు. నేను ఏ దేశపు కంపెనీ పేరో వస్తుందని ఎదురుచూస్తున్నాను, తెలుగక్షరం వచ్చింది. ర. వ. నాకు కళ్ళు మసకబారాయి.

"చెల్లెమ్మా, నువ్వే వచ్చి చదువు" అన్నాను.

ఆమె వచ్చి, కళ్ళజోడు సర్దుకొని వంగింది. చదవలేదు, వేలితో తడిమింది. ఒక్కో చుక్కనూ వేలు వదిలిపెట్టకుండా తడిమింది.

గురవమ్మకు, అని ఉంది.

"ఈ మ తోక చూడు శెట్టన్నా" అంది. "ఆఖర్న ఒక చుక్క ఎక్కువ పెడతాడు. నేనూ అట్లనే కొడతా. నాకు ఉలి పట్టడం నేర్పించింది ఆయనే గదా."

అని, నేల మీదే కూర్చుంది.

నేను చేసినవాడి పేరు వెతుకుతూ వచ్చాను. కంచరి ఇళ్ళలో చేసినవాడు తన పేరు కొట్టుకోడు. బిందె మీదైనా, పళ్ళెం మీదైనా, ఎవరికి ఇస్తున్నారో వాళ్ళ పేరే ఉంటుంది. మా ఇంట్లో అమ్మ పుట్టింటి గిన్నెలన్నిటి మీదా అమ్మ పేరే ఉండేది. వాటిలో అన్నం తిని పెరిగినవాణ్ణి, నాకు తట్టలేదు.

"బతుకంతా పేర్లు కొట్టినదాన్ని, నాకూ తట్టలా" అంది గురవమ్మ. "అప్పుడు నాకు సంబంధాలు చూస్తాండారు శెట్టన్నా. వయసొచ్చిన పిల్లకు రేసు సైకిలు చేసినాడంటే నన్ను ఎట్ల మాట్లాడుతారో ఆయనకు తెలుసు. ఎవరిదిరా బండి అంటే నా పేరు చెప్పాల్సొస్తాదని నోరు మూసుకున్నాడు. నా పేరు చెప్పలేక దొంగ అనిపించుకున్నాడు. నేనేమో ఆయన్నే అనుమానిస్తి."

అప్పుడు పై గొట్టం ఎందుకు వాలి ఉందో నాకు అర్థమైంది. అది పరికిణీ కట్టుకున్న పిల్ల కాలు తిప్పి ఎక్కడానికి. ఆడవాళ్ళ సైకిలులా గొట్టాన్ని పూర్తిగా కిందికి దించితే బండి పట్టు తప్పుతుంది, వేగం పోతుంది. చెల్లెలు వేగంగానూ పోవాలి, పరికిణీ చిక్కుకోకూడదు. రెండూ ఆలోచించి ఎక్కడ ఆపాలో అక్కడ ఆపాడు. అలాంటి బండిని నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

అంకన్న బండిని నేల మీద నిలబెట్టి హ్యాండిలు ఆమె చేతికి ఇచ్చాడు.

"పేరు నీది, బండి నీది పెద్దమ్మా. నాకు ఈ శెట్టి మామ ఇంకోటి ఇస్తాడులే" అన్నాడు. నన్ను అడగకుండానే. ఇచ్చాను. నా దుకాణంలో ఆఖరున మిగిలిన మంచి బండి అది. అంకన్న దాని హ్యాండిలు కూడా అప్పుడే తిరగేశాడు.

ఇప్పుడు ఆ సైకిలు గిద్దలూరులో గురవమ్మ కొట్టు ముందర ఉంటుంది. గిన్నెలు కొనడానికి వచ్చినవాళ్ళకు దాన్ని పక్కకు వాల్చి అడుగు చూపిస్తుందట. ఆ పెద్దల్లో ఒక్కరూ మిగిలి లేరు, వాళ్ళ మనవలు వచ్చి చదివిపోతున్నారు. రంగు వేయించవద్దని నేనే చెప్పాను. ఎవరైనా దాన్ని కొంటామని వస్తే గిన్నెలు చూపిస్తుంది.

ఆ పొద్దున మాత్రం ఇంకా ఎవరికీ ఏమీ తెలియదు. గూడెం ముందరి దారి కొంచెం వాలుగా ఉంది. గురవమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుంది. వద్దు చెల్లెమ్మా, మోకాళ్ళు జాగ్రత్త అన్నాను. వినలేదు. వాలు గొట్టం మీదుగా కాలు తేలిగ్గా తిప్పి కూర్చుంది. పాదాలు పెడళ్ళకు సరిగ్గా అందాయి. చేతులు కొమ్ములను పట్టుకున్నాయి. అంకన్న వెనక నుంచి సీటు పట్టుకున్నాడు. బండి మెల్లగా కదిలింది, ఫ్రీవీలు టిక్ టిక్ మంది, నేను పక్కన నడుస్తున్నాను. కొంచెం దూరం పోయేసరికి ఆమె కళ్ళు మూసుకుంది.

"వదలొద్దన్నా" అంది. మళ్ళీ గట్టిగా, "వదలొద్దన్నా, వదలొద్దన్నా" అంది.

అంకన్న నా వంక చూశాడు. ఆమె పిలుస్తున్నది మా ఇద్దరిలో ఎవరినీ కాదని ఇద్దరికీ తెలుసు. అయినా అతను సీటు వదల్లేదు.